తీపి ఎక్కువైన వేసవి

అనుమానం నాకు ఎవరూ నేర్పింది కాదు. పాలవాడు తొందరగా వస్తే ఎందుకొచ్చాడా అనుకుంటాను, ఆలస్యంగా వస్తే ఎక్కడ ఆగి నీళ్ళు కలుపుతున్నాడా అనుకుంటాను. మా ఆయన దీన్ని జబ్బంటాడు. నేను ముందుచూపంటాను. ఏదైతేనేం, ఆ వేసవంతా అది మా వంటింట్లో నాతోపాటే నిలబడి పనిచేసింది.

వేసవి మొదట్లోనే మా ఓవెన్ చచ్చి ఊరుకుంది. ఇంట్లో కేకులు చేసి చుట్టుపక్కల కొట్లకి వేసేవాళ్ళం మేం. మేం అంటే అత్తయ్య, నేను, తోడికోడలు. మరిది ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. ఓవెన్ వెనక తల దూర్చి, కాసేపు కెలికి, "వదినా, ఇది ఇక లేవదు" అన్నాడు.

"అయితే పొయ్యి జోలికే పోవద్దు అక్కా," అంది తోడికోడలు, మొగుడు దుమ్ము దులుపుకుని లేచేలోపే. "చిన్న చిన్న గాజు సీసాల్లో చేద్దాం. అడుగున బిస్కెట్ పొడి, దానిమీద క్రీము, దానిమీద పళ్ళు. మళ్ళీ అదే వరస. ఫ్రిజ్‌లో పెడితే అదే గట్టిపడుతుంది. మనిషికో సీసా. కోసేదీ లేదు, పంచేదీ లేదు."

ఆలోచన బాగుంది. అంత బాగుండటమే నాకు నచ్చలేదు. పెళ్ళయి వచ్చి ఏడాది తిరగని పిల్ల, ఓవెన్ పోయిన నిమిషంలో ఇంత వివరంగా ఎలా చెప్పగలిగింది? ఎప్పటినుంచి మనసులో పెట్టుకుంది? ఎవరి కోసం పెట్టుకుంది? నేను అడిగేలోపే అత్తయ్య "చేసి చూడండి" అంది. ఆవిడ మాట అయ్యాక మా ఇంట్లో ఇంకో మాట ఉండదు.

అత్తయ్య జామ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైంది. ఆవిడ ఉద్యోగం రుచి చూడటం. పెద్ద పెద్ద గంగాళాల్లో పళ్ళు ఉడుకుతుంటే, ఎత్తు స్టూలు మీద కూర్చుని, చెంచాతో కాస్త నాలిక మీద వేసుకునేది. తల నిలువుగా ఊపితే సరుకు సీసాల్లోకి, అడ్డంగా ఊపితే మోరీలోకి. మేనేజరు కూడా ఆవిడ తల వైపే చూస్తూ నిలబడేవాడట. రిటైరైన రోజు ఏం కావాలమ్మా అంటే ఆ స్టూలే కావాలంది. అది ఇప్పుడు మా వంటింట్లో కిటికీ పక్కన ఉంది. ఆవిడ తప్ప దానిమీద ఎవరూ కూర్చోరు. మా ఆయన ఓసారి బల్బు మార్చడానికి ఎక్కితే, బల్బు వెలిగింది గానీ ఆవిడ మొహం మాత్రం చాలాసేపు వెలగలేదు.

స్టూలుతోపాటు ఫ్యాక్టరీ నియమం కూడా మా ఇంటికి వచ్చింది. చేసినవాళ్ళు రుచి చూడకూడదు. చేసినవాళ్ళకి తమ సరుకు బాగానే ఉంటుంది కాబట్టి వాళ్ళ మాట లెక్కలోకి రాదంటుంది అత్తయ్య. కోడలిగా వచ్చినప్పటినుంచి నేను కలిపిన గిన్నెలో నేను వేలు పెట్టి ఎరగను. ఆవిడ తల నిలువుగా ఊపిందంటే ఆ రోజుకి నాకు కడుపు నిండినట్టే.

సీసాల పని మొదలుపెట్టాం. నిజం చెప్పొద్దూ, ఆ పని నాకు తెగ నచ్చింది. గట్టి పెరుగు గుడ్డలో కట్టి నీళ్ళన్నీ కారిపోయాక, క్రీము, చక్కెర, నిమ్మరసం కలిపి, తీగల కవ్వం లాంటి విస్కుతో గిలక్కొట్టేదాన్ని. దాన్ని ప్లాస్టిక్ సంచుల్లో పోసి, మూల కత్తిరించి, ముందు గాజు అంచు వెంబడే చుట్టూ తిప్పి, తర్వాత మధ్యలో నింపాలి. అలా అయితేనే బయటినుంచి చూస్తే గీత గీసినట్టు పొర తిన్నగా ఉంటుంది. మామిడిపండు ముక్కలు, అనాస ముక్కలు గాజుకి ఆనించి నిలబెట్టాలి. ఎక్కడైనా మరక పడితే చెంచా కాడకి తడిగుడ్డ చుట్టి తుడవాలి. ఏ పొర ఎంత ఉందో, ఎవరు ఎక్కడ తక్కువ పోశారో అంతా గాజులోంచి కనిపిస్తుంది. దాచడానికి చోటులేని తిండి. నాలాంటిదానికి అంతకంటే ఏం కావాలి?

సీసాలో ఏదీ దాగలేదు. వంటింట్లోనే దాగింది.

ఒకరోజు మామిడి తొక్కలు బుట్టలో పడేసి వెనక్కి తిరిగాను. సింకు దగ్గర తోడికోడలు, నేను గిలక్కొట్టిన విస్కుని కడగబోతూ, చటుక్కున నోట్లో పెట్టుకుని తీసింది. తీసి, స్టూలు మీదున్న అత్తయ్య వైపు చూసి, చెవి కమ్మ సవరించుకుంది.

అత్తయ్య నోట్లో చెంచా అలాగే ఉంది. "ఊఁ... కాస్త చక్కెర పడాలి," అంది.

నేను చక్కెర వేశాను. వేస్తున్నంతసేపూ నా కళ్ళు ఆ కమ్మ మీదే ఉన్నాయి. మళ్ళీ చెంచా ఇచ్చాను. ఈసారి తోడికోడలు తువ్వాలు తీసి చేతులు తుడుచుకుంది. అత్తయ్య తల నిలువుగా ఊపింది.

ఆ సాయంత్రం మా ఆయన డెలివరీకి ఐసు పెట్టెలో సీసాలు సర్దుకుంటుంటే పక్కకి వెళ్ళి నిలబడ్డాను.

"ఏమండీ, మీ తమ్ముడి పెళ్ళాం విస్కు నాకుతోంది."

"ఆకలేసిందేమో."

"ఆకలేస్తే భోంచేస్తారు. విస్కు నాకరు. నా పాళ్ళు పట్టుకుంటోంది. రేపు ఇదే సరుకు ఇంకో కొట్లో పెడుతుంది, చూస్తూ ఉండండి."

"నీ పాళ్ళేముందోయ్ పట్టుకోడానికి? అమ్మ వెయ్యమంటే వేస్తావు, ఆపమంటే ఆపుతావు." పెట్టె మూత వేసి స్కూటరు ఎక్కాడు. "పైగా సీసాల ఆలోచన ఆ పిల్లదే కదా. తన సరుకు తను దొంగతనం చేసుకుంటుందా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. జవాబు దొరక్కపోతే నాకు మరీ మండుతుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి బజారుకి వెళ్ళి వస్తున్నాను. మా వీధి మలుపులో చాలాకాలంగా మూతపడ్డ కొట్టు ఒకటుంది. దాని షట్టరు సగం లేచి ఉంది. దానికిందనుంచి వంగి బయటికి వచ్చాడు మా మరిది, చేతిలో తాళంచెవులతో.

"ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాను.

"ఏం లేదు వదినా. ఊరికే."

ఊరికే ఎవరూ మూతపడ్డ కొట్లలోంచి తాళంచెవులు పట్టుకుని రారు. చేతిలో సంచి బరువు కూడా తెలియకుండా ఇంటికి వచ్చాను. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతుంటే వంటింట్లోంచి గుసగుసలు వినిపించాయి.

"పెద్దదానికి తెలియకూడదు," అంటోంది అత్తయ్య.

"ఎన్నాళ్ళని దాస్తాం అత్తయ్యా? అక్క కళ్ళు మామూలు కళ్ళు కావు."

"దాగినన్నాళ్ళు దాస్తాం. తెలిసిన రోజు ఈ వంటిల్లు ఇలా ఉండదు."

నేను దగ్గాను. లోపల ఒక్కసారిగా గిన్నెలు కడుగుతున్న చప్పుడు మొదలైంది. నేను వెళ్ళేసరికి తోడికోడలు శుభ్రంగా ఉన్న గిన్నెనే మళ్ళీ తోముతోంది. అత్తయ్య కిటికీలోంచి ఎదురింటి గోడని అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

ఇంక నాకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. వేరు పడుతున్నారు. మలుపులో కొట్టు పెట్టుకుంటారు. అత్తయ్య చిన్నకొడుకు పంచన చేరుతుంది. ఆవిడతోపాటు స్టూలూ వెళ్ళిపోతుంది. చుట్టుపక్కల కొట్లవాళ్ళు మా సరుకు కొనేది ఆ స్టూలుని చూసే. అది లేకపోతే నాకు మిగిలేది చచ్చిన ఓవెను, తుడిచి తుడిచి అరిగిపోయిన గుడ్డలు. నా కూటికే ఎసరు పెట్టారు. కానీ అంతకంటే ఎక్కువగా కోసింది ఇంకోటి. ఇన్నేళ్ళు ఆవిడ తల ఊపు కోసం నిలబడ్డది నేను. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల చెవిలో గుసగుసలా? ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు కూడా లేవు, వాటిమీదికి నెట్టేద్దామంటే.

సరిగ్గా అప్పుడే పెద్ద ఆర్డరు వచ్చింది. ఊళ్ళో నాటకాల హాలు ఉంది. వేసవిలో వారం వారం కొత్త నాటకం ఆడతారు. ఆ హాలు క్యాంటీన్ నడిపే ఆవిడ మా సీసా ఒకటి ఎక్కడో తిని వెతుక్కుంటూ వచ్చింది. మొదటి నాటకం విరామంలో పెట్టి చూస్తానంది. జనానికి నచ్చితే వేసవి అయ్యేదాకా ప్రతి ఆటకీ మా సీసాలే. నచ్చకపోతే ఐస్‌క్రీం కంపెనీ వాళ్ళు ఎలాగూ తిరుగుతున్నారు.

ఆ సరుకు చేసే రోజు నేను ఒక నిర్ణయానికి వచ్చాను. వీళ్ళిద్దర్నీ ఒకచోట ఉండనిస్తే కదా సైగలు చేసుకునేది. క్రీము గిన్నె సిద్ధమవుతుండగా తోడికోడలితో అన్నాను.

"పైన పెట్టడానికి పుదీనా లేదు. వెళ్ళి పట్రా."

"ఇప్పుడా అక్కా? రుచి చూడటం అయ్యాక వెళ్తాను."

"రుచి చూసేది నువ్వు కాదుగా. ఇప్పుడే వెళ్ళు."

ఆ పిల్ల అత్తయ్య వైపు చూసింది. అత్తయ్య ఆ పిల్ల వైపు చూసింది. నేనిక్కడే ఉన్నానని గుర్తు చేయడానికి గిన్నె గట్టిగా చప్పుడు చేశాను. తోడికోడలు సంచి తీసుకుని, చెప్పులు సరిగా వేసుకోకుండానే పరిగెత్తింది.

చెంచా అందించాను. అత్తయ్య నోట్లో పెట్టుకుంది. ఆవిడ కళ్ళు సింకు వైపు వెళ్ళాయి. అక్కడ ఎవరూ లేరు. గుమ్మం వైపు వెళ్ళాయి. అక్కడా ఎవరూ లేరు. అప్పుడు నా మొహం మీదికి వచ్చి ఆగాయి. అలా ఆవిడ నన్ను ఎన్నడూ చూడలేదు. నా కోపం పసిగట్టేసింది, పసిగట్టనీ అనుకుని, మొహం ఇంకాస్త ముడుచుకున్నాను.

"పులుపు మిగిలింది," అంది. "చక్కెర వెయ్యి."

వేశాను. కలిపాను. మళ్ళీ చెంచా. మళ్ళీ నా మొహంలోకి చూపు.

"ఇంకాస్త."

ఆ పిల్ల తిరిగొచ్చేదాకా సాగదీస్తోందని నాకు అర్థమైపోయింది. నా దగ్గర ఆ పప్పులుడకవు అనుకుని పళ్ళు బిగించి ఇంకాస్త వేశాను. ఎంత వేసినా ఇంకాస్త అంటుంది. ఏమిటిది అని అడగాలనిపించింది. కానీ చేసినవాళ్ళ మాట లెక్కలోకి రాదు కదా. చివరికి గిలక్కొట్టి గిలక్కొట్టి చెమట పట్టి, తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాను.

"ఇక చాలు," అంది అత్తయ్య.

క్రీము సంచుల్లో పోసి మూతులు కట్టేశాను. విస్కు నా చేత్తో నేనే కడిగి ఆరబెట్టాను. అప్పుడు వచ్చింది తోడికోడలు, పుదీనా కట్ట పట్టుకుని, రొప్పుతూ. వస్తూనే సింకులోకి చూసింది.

"అక్కా, విస్కు?"

"కడిగేశాను."

ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. నా కడుపు చల్లబడింది. దొరికావా, అనుకున్నాను.

నాటకం మరునాడు పొద్దున్నే క్యాంటీన్ ఆవిడ తనే పెట్టె పట్టించుకుని వచ్చింది. ఎప్పుడూ సీసాలు మా ఆయన తెస్తాడు, నాకినట్టు ఖాళీగా. ఈ పెట్టె కిందపెడుతుంటేనే బరువు తెలిసింది. మూత తీశాను. ఏ సీసా చూసినా పైనున్న పళ్ళు మాత్రం తినేశారు. క్రీములో చెంచాలు దిగబడి అలాగే నిలబడి ఉన్నాయి. కింద పొరలు నేను గీసిన గీతలతో సహా చెక్కుచెదరలేదు.

"జనం దీని తర్వాత నాటకం చూడలేదమ్మా, నీళ్ళ కోసం నా దగ్గర బారులు తీరారు," అంది ఆవిడ. కోపంగా కూడా అనలేదు. "పోయినవారం నేను తిన్నది ఇదేనా అని నాకే అనుమానం వచ్చింది. సరే, శుక్రవారం ఇంకో ఆట ఉంది. ఒక్కసారి చూస్తాను. తర్వాత నన్ను అనుకోవద్దు."

స్టూలు మీద కూర్చున్న అత్తయ్య అంతా విన్నది. ఒక సీసా తీసుకుని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. మళ్ళీ పెట్టెలో పెట్టేసి, తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఫ్రిజ్‌లో మిగిలిపోయిన సీసా ఒకటి ఉంది. ఆ ఇంట్లో మొదటిసారి నియమం తప్పి అందులో వేలు పెట్టి నాకాను. తీపికి గొంతు పట్టుకుంది, దగ్గొచ్చింది.

"ఏం కలిపావు ఇందులో?" అన్నాను తోడికోడలితో.

ఆ పిల్ల అత్తయ్య గది తలుపు వైపు చూసింది. తల దించుకుంది. "నేనే అక్కా. బజారు నుంచి వచ్చాక సంచుల్లో చక్కెర కలిపాను. తక్కువైందేమో అనుకున్నాను."

నేను ఎదురుచూసిన మాట అది. చెవిన పడగానే పండగ చేసుకోవాల్సింది. కానీ ఆ సంచుల మూతులు బిగించి కట్టింది నేను. ఆ పిల్ల వచ్చేసరికి అన్నీ బల్ల మీద వరసగా ఉన్నాయి. సీసాలు నింపేటప్పుడు ముడులన్నీ అలాగే ఉన్నాయి, మూలలు కత్తిరించింది కూడా నేనే. మామూలుగా కాదన్నవాళ్ళని నేను నమ్మను. ఆ రోజు ఒప్పుకున్న మనిషిని నమ్మలేకపోయాను. చెయ్యని తప్పు ఎందుకు నెత్తిన వేసుకుంటోంది? ఎవరిని కాస్తోంది? ఆ పూట వంటింట్లో నేను కాక ఉన్నది ఒక్క మనిషే.

మధ్యాహ్నం తోడికోడలు పెరుగు కట్టే గుడ్డలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళింది. నేను చిన్న గిన్నెలో క్రీము గిలక్కొట్టాను. మా గట్టు మీద చక్కెర డబ్బా పక్కనే ఉప్పు డబ్బా ఉంటుంది. చక్కెర డబ్బా ముట్టుకోలేదు.

"అత్తయ్యా, శుక్రవారానికి ముందే ఒకసారి కలిపి చూస్తున్నా. రుచి చూస్తారా?"

ఆవిడ గదిలోంచి నెమ్మదిగా వచ్చి స్టూలెక్కింది. నేను మామూలుగా నిలబడ్డాను, ఎంత మామూలుగా ఉండగలనో అంత మామూలుగా. చెంచా నోట్లో పెట్టుకుంది. ఒకసారి గట్టు వైపు చూసింది. ఒకసారి నా వైపు చూసింది. చెంచా చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది.

"బాగుంది," అంది. "ఇవాళ సరిగ్గా కుదిరింది."

చెంచా ఆవిడ చేతిలోంచి తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళి కడిగాను. నీళ్ళు అవసరం కంటే ఎక్కువసేపు పారాయి. నేను వెనక్కి తిరిగేసరికి అత్తయ్య కిటికీలోంచి ఎదురింటి గోడని చూస్తోంది.

మేడ మీద ఎండ నెత్తి మాడ్చేస్తోంది. తోడికోడలు తీగ మీద గుడ్డలు దులిపి వేస్తోంది.

"ఎప్పటినుంచి?" అన్నాను.

ఏమిటని అడగలేదు ఆ పిల్ల. "చలికాలంలో అత్తయ్యకి జ్వరం వచ్చి తగ్గింది చూడండి, అప్పటినుంచి. వాసన కూడా తెలియదు. ఒకరోజు పక్కనే పాలు మాడిపోతుంటే పేపరు చదువుకుంటూ కూర్చుంది. అప్పుడు కనిపెట్టాను. నా చెయ్యి పట్టుకుని ఎవరికీ చెప్పొద్దంది."

"డాక్టరు?"

"చూపించాం. మీరు మీ అమ్మగారింటికి వెళ్ళినప్పుడు. రుచి తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు."

"అయితే ఆ చెవి పట్టుకోవడం..."

"చెవి పట్టుకుంటే చక్కెర అక్కా. ముక్కు రుద్దుకుంటే నిమ్మరసం. తువ్వాలు తీస్తే సరిపోయినట్టు. విస్కుకి అంటుకున్నది నాకి చెబుతాను. నాకు అంత బాగా తెలియదు. కానీ ఆవిడ సైగ చూశాక కూడా కాసేపు ఆలోచిస్తుంది. ఎందుకో తెలియదు, సరిగ్గానే వస్తుంది."

నేను మొహం తుడుచుకున్న తువ్వాలు గుర్తొచ్చింది. దాన్ని చూసే ఆవిడ 'ఇక చాలు' అంది.

"మరి ఆ మలుపులో కొట్టు?"

"కొట్టేంటి? ఓ, అదా! అందులో అద్దాల ఫ్రిజ్ పాడై పడుంది. బాగుచేస్తే పట్టుకుపొమ్మన్నారట. మీకు చెప్పకుండా తెచ్చి చూపిస్తానని మీ మరిదిగారి సంబరం. చెడగొట్టానా?"

ఆ పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"నాకెందుకు చెప్పలేదు? ఆవిడకి నేను పరాయిదాన్నా? ఇన్నేళ్ళు ఆ గిన్నె పట్టుకుని నిలబడ్డది నేను కాదూ?"

తోడికోడలు ఆరిన గుడ్డనే మళ్ళీ దులిపింది. "నేను చెబుదామనే అన్నాను అక్కా. ఆవిడే వద్దంది. 'పెద్దదానికి తెలిస్తే నన్ను ఒక్క మాట కూడా అనదు. మర్యాదగా స్టూలు మీంచి దింపి, గదిలో ఫ్యాను కింద కూర్చోబెడుతుంది. అది నావల్ల కాదు' అంది."

అంత రాతిగుండె కాదు నాది అనబోయాను. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే మెట్లెక్కి వస్తున్నప్పుడే నా మనసులో ఆవిడ మంచం జరిపి, పక్కన ఫ్యాను పెట్టడం కూడా అయిపోయింది.

శుక్రవారం వచ్చింది. క్రీము గిలక్కొట్టి, గిన్నె అత్తయ్య ముందు పెట్టి, విస్కు తీసుకెళ్ళి తోడికోడలి చేతిలో పెట్టాను.

"కడుగు," అన్నాను. "తొందరేం లేదు. నిదానంగా కడుగు."

ఆ పిల్ల నా కళ్ళలోకి చూసింది. నేను వీపు తిప్పి అనాస ముక్కలు కోయడం మొదలుపెట్టాను. నా వెనక ఏ సైగలు జరిగాయో నేను చూడలేదు. అనుమానం ఉన్న మనిషికి చూడకుండా ఉండటం ఎంత కష్టమో చెప్పలేను, మెడ నరాలు లాగేశాయి.

"కాస్త చక్కెర," అంది అత్తయ్య. వేశాను.

"రెండు చుక్కలు నిమ్మరసం." వేశాను.

చెంచా ఇంకోసారి గిన్నెకి తగిలిన చప్పుడైంది. "ఊఁ," అంది. తల నిలువుగా ఊపిందని చూడకుండానే తెలిసింది.

సీసాలు నింపాం. బిస్కెట్ పొడి, క్రీము, మామిడి, మళ్ళీ పొడి, మళ్ళీ క్రీము, అనాస. తోడికోడలు సింకు దగ్గర గిన్నెలు కడుగుతోంది. నేను స్టూలు పక్కన నిలబడి సీసాలు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో పెడుతున్నాను.

"పెద్దదానా," అంది అత్తయ్య, కిటికీ వైపే చూస్తూ.

"ఆఁ అత్తయ్యా."

"ఇంకోసారి ఉప్పు కలిపినప్పుడు డబ్బా మూత పెట్టు. తీసి గట్టు మీదే వదిలేశావు ఆ రోజు."

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. సింకు దగ్గర నీళ్ళ చప్పుడు కూడా ఆగిపోయింది.

"తెలిసి కూడా బాగుందన్నారా?"

"నువ్వు అడగవు. నేను చెప్పలేను. ఇంకెలా తెలుస్తుంది నీకు?" అంది. ఒడిలో చేతులు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంది. "దింపేస్తావా మరి?"

 సీసా వెలుగులో పెట్టి చూశాను. పొరలు తిన్నగానే ఉన్నాయి.

"దింపి ఏం చెయ్యను? ఆ స్టూలు నాకు ఎత్తు," అన్నాను. "ఎక్కితే కాళ్ళు నేలకి అందవు."

అత్తయ్య అప్పుడు నా వైపు తిరిగింది. ఫ్యాక్టరీలో గంగాళం వైపు ఎలా చూసేదో అలా చూసింది నా మొహంలోకి.

"అయితే ఆ మొహం సంగతి కాస్త చూసుకో. ఆ రోజు చిన్నది లేక, నిన్ను చూసి చెప్పాల్సొచ్చింది. ఎంత చక్కెర వెయ్యమన్నా నీ మొహంలో పులుపు తగ్గదే!"

సింకు దగ్గర తోడికోడలు నవ్వాపుకోలేక గిన్నె జారవిడిచింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు బయటపడుతుందో తెలియక, భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాను.

"ఇక చాలు," అంది అత్తయ్య.